గాలివానలో కిటికీ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగము)



గ్రంథాలయమనగా పుస్తకములు దాచు గది మాత్రమే గాదు. ఊరివారు ఒకచోట గూడి తమకు అక్కరకు వచ్చు సంగతులను విచారించుకొను తావు. తీరగ్రామమునకు గాలివానను గూర్చిన విచారముకంటె అక్కరకు వచ్చునది లేదు. అందుచే ఈ శుభసమయమున, చూచుటకు చిన్నదిగా తోచు ఒక విషయము ప్రసంగమునకు స్వీకరింపబడినది. ఇంటి కిటికీని గాలివాననుండి కాపాడుట యెట్లు? అందుకు గల సాధనములలో ఏ ఇంటికి ఏది తగును?

తూర్పుతీరమువారికి గాలివాన కొత్తది గాదు. 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచిన ఉప్పెనలో దాదాపు ముప్పదివేలమంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై పడిన ఉప్పెన పదివేలమంది వరకు బలిగొని, పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్ళను తుడిచివైచెను. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమలో కొబ్బరితోటలు నేలకొరగినవి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినపుడు గాలివేగము గంటకు 180 కిలోమీటర్ల ప్రాంతమున నుండెను. గోడలు చెక్కుచెదరక నిలిచిన మేడలలో గూడ ఆనాడు అద్దములు పగిలి, గదులలోనికి గాలియు వానయు చొరబడినవి. ఇల్లు గట్టిదైనంత మాత్రమున చాలదనియు, దాని కిటికీయు గట్టిదై యుండవలెననియు ఆ దినము తెలియజెప్పినది.

పూర్వపు పెంకుటిండ్ల కిటికీలు చిన్నవి. వానికి ఇనుప చువ్వలు, మందమైన చెక్క రెక్కలు, వెనుక అడ్డగడియ ఉండెడివి. మబ్బు పట్టినంతనే ఇంటి ఇల్లాలు రెక్కలు మూసి గడియ వేసెడిది. అంతటితో కిటికీ గోడలో భాగమయ్యెడిది. నేటి ఇండ్లలో వెలుతురు కొరకు పెద్ద కిటికీలు, అల్యూమినియము చట్రములు, పక్కకు జరుగు అద్దపు తలుపులు వచ్చినవి. ఇవి చూపునకు ఇంపైనవి, పగటిపూట సుఖమైనవి. కాని మూసినను అవి అద్దములే. ఇంతలో మరియొక మార్పు గూడ వచ్చినది. కొడుకులు, కోడళ్ళు హైదరాబాదులోనో, దుబాయిలోనో, అమెరికాలోనో ఉందురు. వారు పంపిన సొమ్ముతో కట్టిన మేడలో వృద్ధులైన తల్లిదండ్రులు ఇరువురే ఉందురు. కిటికీ పెరిగినది, దానిని కాపాడవలసిన చేతులు తగ్గినవి. ఈ ప్రసంగమున చెప్పబోవు మాటలన్నిటికిని ఇదియే మూలము.

కిటికీ పగిలినచో నష్టము అద్దముతో ఆగదు. గాలికి ఎదురుగా నున్న కిటికీ పగిలిన క్షణమున గాలి ఇంటిలో జొచ్చి, బయటకు పోవ దారి లేక, కప్పును క్రిందినుండి పైకి నెట్టును. అదే సమయమున కప్పుమీదుగా పారు గాలి దానిని పైనుండి లాగును. ఈ రెండు బలములు గూడినపుడు రేకులు, పెంకులు ఎగిరిపోవును. ఎదుటి గోడ కిటికీలు, తలుపులు బయటకు ఊడిపోవును. కనుక కిటికీని కాపాడుట యనగా కప్పును కాపాడుటయే.

గాలి బలమెంత? గాలివేగము రెండింతలైనచో దాని తాకిడి నాలుగింతలగును. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల కిటికీపై గంటకు 100 కిలోమీటర్ల గాలి సుమారు 70 కిలోల బరువు మోపినట్లు నెట్టును. ఒక మనిషి దానిపై వాలినట్లనుకొనవచ్చును. గాలి 200 కిలోమీటర్లకు పెరిగినచో అదే కిటికీపై నలుగురు మనుషులు పడినట్లగును. ఇది వట్టి గాలి సంగతి. గాలితో కొట్టుకొనివచ్చు కొబ్బరిబోండము, విరిగిన కొమ్మ, పొరుగింటి రేకు కిటికీని తాకుట వేరు. తుపానులో అద్దములను ఎక్కువగా పగులగొట్టునవి ఇట్టి ఎగిరివచ్చు వస్తువులే.

గాలి ఏ దిక్కునుండి వచ్చునన్నది మరియొక ప్రశ్న. సముద్రము తూర్పున నున్నది గనుక తూర్పు కిటికీని కాపాడిన చాలునని కొందరనుకొందురు. ఇది ప్రమాదకరమైన పొరపాటు. బంగాళాఖాతపు తుపాను ఎడమవాటముగా, అనగా గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు ఎదురుగా తిరుగును. అది పడమరగా సాగి తీరము దాటునపుడు, దాని కేంద్రమునకు ఉత్తరమున నున్న ఊళ్ళకు గాలి సముద్రమునుండి వచ్చును. దక్షిణమున నున్న ఊళ్ళకు నేలవైపునుండి వచ్చును. కేంద్రమే ఊరిమీదుగా పోయినచో మొదట ఉత్తరపు గాలి విజృంభించును. పిమ్మట కొంతసేపు గాలి నిలిచి, ఆకాశము తేటపడినట్లు తోచును. తుపాను పోయినదని జనులు బయటకు వత్తురు. అంతలో దక్షిణపు గాలి అంత బలముతోనే విరుచుకుపడును. కనుక నాలుగు వైపుల కిటికీలకును రక్షణ కావలెను. "ఒక వైపు కిటికీ తెరచియుంచినచో గాలి పోవును, కప్పు నిలుచును" అను మాటను గూడ ఇందుచేతనే నమ్మరాదు. ఇప్పుడు గాలికి చాటుగా నున్న కిటికీయే మరికొంతసేపటికి గాలికి ఎదురగును.

ఇక సాధనములను ఒక్కొక్కటిగా చూతము.

అద్దముపై అడ్డదిడ్డముగా జిగురుటేపు గాని కాగితపు పట్టీలు గాని అంటించుట చాలమంది చేయు పని. ఇది ముక్కలు చెదరకుండ కొంత ఆపునే గాని అద్దమునకు బలమీయదు. వేరేమియు దొరకని వేళ చేయదగినదే. అది చేసితిమని ధైర్యపడి ఆ కిటికీ ప్రక్కన పడుకొనరాదు.

చెక్క రెక్కలు గల పాత కిటికీ నేటికిని మంచి సాధనమే. బయటకు తెరచుకొను రెక్కలను ఎదురుగాలి చట్రమునకు అదుముట వలన అవి మరింత బిగియును. కాని గాలి చాటువైపు వానిని బయటకు లాగును. అప్పుడు భారమంతయు గడియపై పడును. సన్నని గడియకు బదులు, లోపల చట్రమునకు ఇరువైపుల కొక్కెములు బిగించి, రెక్కలను వానితో పట్టియుంచు అడ్డకమ్మి వేసినచో ఆ లోపము తీరును. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టువారు ఇట్టి రెక్కలను వంటచెరకుగా అమ్మివేయక, కొత్త కిటికీలకు వెలుపలి రెక్కలుగా మలచుకొనుట తెలివైన పని.

మూడవది ప్లైవుడ్ పలక. నీటికి ఓర్చు మెరైన్ రకమును, 16 మిల్లీమీటర్లకు తగ్గని మందముతో తీసికొనవలెను. కిటికీకి నాలుగు వైపుల పది సెంటీమీటర్ల చొప్పున గోడమీదికి వచ్చునట్లు కోయించి, అడుగుకొక బోల్టు చొప్పున బిగింపవలెను. బోల్టుల కొరకు తాపీమేస్త్రి చేత ముందే గోడలో మరలు దిగవేయించవలెను. తుపాను రోజున ఇటుకలో కొట్టిన మేకు గాలికి నిలువదు. ప్రతి పలకపై అది ఏ కిటికీదో రంగుతో వ్రాయవలెను. ఖర్చు తక్కువ, పని ఎక్కువ. ఇదియే దీని స్వభావము. నాలుగడుగుల కిటికీకి తగిన పలక 15 కిలోలకు పైగా తూగును. డెబ్బది యేండ్ల వృద్ధుడు దానిని మేడమీదికి మోసి, గాలిలో నిచ్చెనపై నిలిచి బిగింపగలడా?

నాలుగవది గోడకు శాశ్వతముగా అమర్చిన లోహపు రెక్కలు, లేక పైనుండి దిగు చుట్టుతెర. ఖర్చు హెచ్చు, కాని మూయుటకు నిమిషములు చాలును. అయితే తుపానులో మొదట పోవునది కరెంటు. మీట నొక్కినగాని దిగని తెరను కొనువారు, దానికి చేతితో త్రిప్పు పిడి గూడ ఉన్నదో లేదో చూచి కొనవలెను. దుకాణములకు వేయు వెడల్పైన పలుచని షట్టరు గాలికి వంగి, ఇరువైపుల కాలువలనుండి జారిపోవచ్చును. ఇంటి కిటికీకి దానిని నమ్ముకొనరాదు.

ఐదవది అద్దమునే మార్చుట. టఫెన్డ్ అద్దము గట్టిదే గాని, పగిలినపుడు గుల్లగా రాలిపోయి కిటికీ బోసిపోవును. రెండు అద్దముల నడుమ పొర పెట్టి అతికిన లామినేటెడ్ అద్దము పగిలినను పొరను పట్టుకొని నిలుచును. దీనిని మూయువారు అక్కరలేదు. అదియే దీని గొప్ప గుణము. కాని చట్రము గట్టిగా లేనిచో అద్దము చట్రముతోగూడ ఊడివచ్చును.

1992 ఆగస్టులో అమెరికా దేశపు ఫ్లోరిడాలో ఆండ్రూ తుపాను వేలాది ఇండ్లను పాడుచేసిన పిమ్మట, అచ్చటివారు కిటికీ రక్షణలకు ఒక పరీక్ష పెట్టిరి. నాలుగు కిలోల బరువు గల కర్రను గంటకు 55 కిలోమీటర్ల వేగముతో దానిపైకి విసరుదురు. దెబ్బకు చిల్లిపడక నిలిచినదే పనికివచ్చును. కొనుగోలుదారు అడుగవలసిన ప్రశ్న కూడ ఇదియే: "ఎగిరివచ్చు దూలపు ముక్కకు ఇది నిలుచునా?"

సముద్రపు ఉప్పుగాలి ఇనుమును తినివేయును. గడియ, బందు, బోల్టు ఏవైనను స్టెయిన్‌లెస్ స్టీలువి గాని ఇత్తడివి గాని వేయించుట మేలు. అంత శక్తి లేనివారు జింకుపూత గలవి వేయించి, ఏటేట నూనె రాయవలెను. తుప్పుపట్టిన బోల్టు తుపానురోజున తిరుగదు.

ఇన్నిటిలో ఏది ఉత్తమము? ఇంట మూయగల చేతులెన్ని యను ప్రశ్నకు వచ్చిన సమాధానమే ఆ ఇంటికి ఉత్తమమైన సాధనమును చెప్పును. ఇరువురు పడుచువారున్న ఇంటికి ప్లైవుడ్ పలకలు చాలును. వృద్ధులు మాత్రమే యున్న ఇంటికి, లోపలినుండి ఒంటిచేతితో మూసికొను రెక్కలు కావలెను. అన్ని కిటికీలకు శక్తి చాలనిచో ఒక గదినైనను ముందు సిద్ధపరుపవలెను. విదేశమునుండి సొమ్ము పంపు కుమారుడు మేడకు రంగులు వేయించుటకు ముందు, "నాన్నగారూ, ఈ కిటికీని మీరొక్కరే మూయగలరా?" అని అడిగినచో, ఆ ఒక్క ప్రశ్నతో సగము రక్షణ సిద్ధించును.

దసరా వచ్చునాటికి గడియలన్నియు ఒకమారు వేసి చూచుకొనవలెను. పెనుతుపానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములలో వచ్చును. వాతావరణ శాఖవారు కనీసము 48 గంటల ముందు తుపాను అప్రమత్తతను, 24 గంటల ముందు తుపాను హెచ్చరికను వెలువరింతురు. మొదటి మాట వినగానే పలకలు దింపి, పెరటిలోని రేకులు, కుండీలు, కర్రలు లోపల పెట్టవలెను. రెండవ మాట వినగానే బిగించుట ముగింపవలెను. బయటనుండి పలకలు కొట్టునపుడు, లోపలివారు వెలికి వచ్చుటకు ఒక ద్వారము తప్పక విడువవలెను.

ఇచ్చట ఊరి ధర్మమొకటి గలదు. ఒకరి వదులు రేకు మరియొకరి కిటికీకి గొడ్డలి యగును. ఎంత సొమ్ము వెచ్చించి రెక్కలు వేయించినను, పొరుగు పెరడు సర్దబడనిచో అది సగము రక్షణయే. ఒంటరిగా నున్న వృద్ధుల ఇండ్లెవ్వి, వారి పలకలు బిగించు యువకులెవ్వరు అను పట్టికను గ్రంథాలయపు గోడపై వ్రాసియుంచినచో, అదియు గ్రంథాలయ సేవయే యగును.

కడపట ఒక హెచ్చరిక. ఈ చెప్పినదంతయు గాలికి మాత్రమే. ఉప్పెనను ఏ కిటికీ రెక్కయు ఆపలేదు. 1977లో దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు ఐదు మీటర్ల ఎత్తున వచ్చినది. పల్లపు చోట నున్న ఇంటివారు, మట్టిగోడల ఇంటివారు, కిటికీలు ఎంత బిగించినను, అధికారులు కదలుమన్నప్పుడు తుపాను రక్షణగృహమునకు కదలవలసినదే. కిటికీ మూసితిమి గదా యని ఇంట నిలిచిపోవుటకంటె, కిటికీ మూయకనే ప్రాణములతో కదలుట మేలు. మూసి కదలుట మరియు మేలు. తిరిగివచ్చునాటికి తలపై కప్పు మిగిలియుండును.

గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు నిలిచినట్లే, ఈ ఊరి ఇండ్లును, ఆ ఇండ్లలోని పెద్దలును చిరకాలము క్షేమముగా నుందురు గాక. స్వస్తి.