పుస్తకానికి ఒక చిరునామా



గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పెద్దల స్మృతిలో జరిగే ఈ ఉపన్యాసానికి వెబ్‌సైట్ల సంగతి ఎంచుకున్నాను. ఆ పెద్దలు మొదలుపెట్టిన పనిలో మిగిలిన భాగం ఇప్పుడు అక్కడే ఉందని నా నమ్మకం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం వెలిసింది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం, 1905లో మన సికింద్రాబాదులోనే ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. నిజాం పాలన ఉర్దూలో సాగుతున్న రోజులవి. కొమర్రాజు లక్ష్మణరావు గారు, ఆయన మిత్రులు గ్రంథాలయం తెరిచి ఊరుకోలేదు. చదవటానికి తగిన పుస్తకాలు తెలుగులో చాలినన్ని లేవని గ్రహించి, 1906లో విజ్ఞానచంద్రికా మండలి పెట్టి అచ్చు వేయించారు. పాఠకుడి చేతికి ఏం అందుతోంది అన్నదే వాళ్ల లెక్క.

మన కాలంలో అంత పెద్ద ప్రయత్నం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాల పథకం తలపెడితే, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ అందులో చేయి కలిపాయి. రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం వంటి చోట్ల బీరువాల్లో ఉన్న తెలుగు పుస్తకాలు వేలకొద్దీ స్కానరు ఎక్కాయి. లేకపోతే వాటిలో ఎన్ని చెదల పాలయ్యేవో! ఆ ఋణం ముందు ఒప్పుకుని తర్వాతి మాట చెప్పాలి.

ఆ సైటు వాడినవారికి గుర్తుండే ఉంటుంది. పేజీలన్నీ టిఫ్ బొమ్మలు. వాటిని చూడాలంటే బ్రౌజరుకు వేరే ప్లగిన్ తగిలించాలి. ఒక్కో పేజీ విడిగా తెరుచుకునేది. పుస్తకం పేరు, రచయిత పేరు రోమన్ లిపిలో, ఎక్కించినవారు తలా ఒక తీరున రాసినవి. ఒకే రచయిత రకరకాల స్పెల్లింగులతో పలువురుగా కనిపించేవాడు. తెలుగు లిపిలో వెతికినవారికి నిరాశే. కాపీరైటు చిక్కులతో 2017 ప్రాంతంలో ఆ సైటు నిలిచిపోయింది. నకళ్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి, సంతోషం. అయితే ఆ రోమన్ పేర్లు కూడా వాటి వెంటే అక్కడికి వెళ్లాయి. తెలుగు వికీపీడియా సభ్యులు కొందరు ఆ పేర్లను ఓపికగా తెలుగు లిపిలోకి మార్చి, లంకెలతో జాబితాలు కట్టారు. స్కానింగ్‌కు ఆ పని ఏమాత్రం తీసిపోదని నేననుకుంటాను. కాటలాగు లేని గ్రంథాలయం గోదామే కదా.

పాఠకుడి కాలం వృథా కాకూడదని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే సూత్రంగా పెట్టారు. వెబ్‌సైటు కట్టేవారు ఆ సూత్రాన్ని తెలుగుకు వర్తింపజేయాలంటే తెలుగు తెలిసి ఉండాలి. మన ఊరి పేరే తీసుకోండి. పాత పుస్తకాల్లో సికిందరాబాదు, వాడుకలో సికింద్రాబాదు, పత్రికల్లో సికింద్రాబాద్. ఈ చివరిదానికి ‘లో’ చేర్చి టైపు చేసేటప్పుడు, లకారం ఒత్తుగా మారిపోకుండా మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెడతాం. ఒకరు ఆ గుర్తుతో ఎక్కించి, మరొకరు అది లేకుండా వెతికితే కంప్యూటరు దృష్టిలో అవి రెండు వేరు వేరు మాటలు. దీనికి తోడు పాత అచ్చులో అరసున్నలు, బండి ఱలు, ‘వ్రాయు’, ‘రాయు’. కనపడని గుర్తును వదిలెయ్యి, అరసున్నను పక్కన పెట్టు, ఱను రగా చూడు అని వెతుకుడు పెట్టెకు నేర్పడానికి రాయాల్సిన కోడు కొద్దిపాటిదే. నేర్పాలన్న ఆలోచన రావాలి.

రెండో సంగతి చిరునామా. చాలా గ్రంథాలయాల సైట్లలో కాటలాగు ఒక వెతుకుడు పెట్టె వెనకాల దాగి ఉంటుంది. గూగుల్ వంటి యంత్రాలు సాధారణంగా ఆ పెట్టెలో మాటలు నింపి వెతకవు, ఉన్న లంకెలు పట్టుకుని పోతాయి. కాబట్టి ఒక్కో పుస్తకానికి విడి పేజీ, సర్వరు మారినా మారని చిరునామా ఉండాలి. న్యూజిలాండ్‌లో హోరోవెనువా అనే చిన్న ప్రాంతపు గ్రంథాలయం తన అవసరానికి తయారుచేయించుకుని, 2000 జనవరిలో వాడటం మొదలుపెట్టిన కోహా అనే కాటలాగు సాఫ్ట్‌వేరు ఈ రోజు ఎవరికైనా ఉచితం. డబ్బు లేదన్న సాకు ఇక్కడ పనికిరాదు.

తెలుగు పాఠకుల్లో చాలామంది ఇంట్లో ఉన్న తెర ఫోనొక్కటే. పుస్తకమంతా ఒకే బరువైన ఫైలుగా ఇస్తే నెలాఖరు డేటాతో చదివే విద్యార్థి దాన్ని తెరవలేడు. పేజీల వారీగా, తేలికైన బొమ్మలుగా ఇవ్వాలి. ఇంతకంటే నన్ను బాధించేది చూపులేని పాఠకుల సంగతి. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడరు స్కాన్ చేసిన బొమ్మను చదవలేదు. అంధులకు పుస్తకాలు అందేందుకు ఉద్దేశించిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో మొట్టమొదట ఆమోదించిన దేశం మనది. ఆ గౌరవానికి తగ్గట్టు తెలుగు పుస్తకాలు అక్షరాలుగా మారాలి. యంత్రం గుర్తుపట్టిన పాఠంలో ఒత్తులు తారుమారవుతాయి, మనిషి కూర్చుని దిద్దాలి. తెలుగు వికీసోర్స్‌లో జరుగుతున్నది ఈ పనే.

కాపీరైటు భయం గురించి ఒక్క మాట. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి అరవై ఏళ్లు, అంతే. 1953లో కన్నుమూసిన సురవరం ప్రతాపరెడ్డి గారు తన జీవితకాలంలో ప్రచురించిన రచనలు 2014 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగే మిత్రులకు నా సూచన ఇది. జంటనగరాల్లోని పాత గ్రంథాలయాల యాక్సెషన్ రిజిస్టర్లను యూనికోడ్ తెలుగులో టైపు చేద్దాం. పేరు, రచయిత, అచ్చయిన ఊరు, సంవత్సరం చాలు. దానితోపాటు ప్రతాపరెడ్డి గారే 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచికకు ఒక సూచిక కడదాం. అందులో 354 మంది కవులున్నారు. పద్యాల హక్కుల సంగతి తర్వాత తేల్చుకోవచ్చు, కవుల పేర్లు వెతుక్కునే వీలు కల్పించటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తాతగారు పద్యాలు రాసేవారట అని విని ఫోనులో ఆయన పేరు కొట్టిన మనవరాలికి ఆ సంచిక పేరు, పేజీ సంఖ్య, ప్రతి ఉన్న గ్రంథాలయం పేరు కనపడాలి. వెబ్ పని తెలిసిన యువకులు, రిజిస్టరు చదవగల లైబ్రేరియన్లు ఈ సభలో ఇద్దరూ ఉన్నారు. సభ ముగిశాక పేర్లు రాసుకుందాం.