డోర్నకలు జంక్షను



నేను చిక్కడపల్లిలో కాపురముండు విశ్రాంతోపాధ్యాయుఁడను. వేకువజామునఁ గాచిగూడ స్టేషనునుండి రైలుకూఁత వినఁబడినప్పుడెల్ల, నేను చిరకాలము పాఠములు చెప్పిన డోర్నకలు జ్ఞప్తికి వచ్చును.

వరంగల్లు బెజవాడల నడుమనున్న యీ చిన్నయూరికి బ్రతుకుదెరువు రైలే. 1871లో కింగుదొర యిల్లెందు ప్రాంతమున బొగ్గును కనుఁగొనెను. దానిని తరలించుటకై 1888లో డోర్నకలునుండి శాఖామార్గము వేసిరి. మఱుసటియేఁట నిజాము రైలు బెజవాడను జేరెను. ఇట్లు డోర్నకలు జంక్షనయ్యెను. 1912లో అజరయ్యగారు ఆంగ్లికను సంఘమునఁ దొలి భారతీయ బిషప్పైరి. వారి పీఠమీ యూరే. 1939లోఁ బ్రతిష్ఠితమైన యచ్చటి పెద్దచర్చిలో గుడిస్తంభముల తీరును, మసీదు గుమ్మటముల తీరును గలసియున్నవి.

దొరపేరును, బిషప్పుగారిపేరును గ్రంథములకెక్కినవి. తట్టలతో మన్నుమోసి కట్టపోసిన కూలీల పేళ్లో? వారి సంతతివారే నా బడిలోఁ గూర్చుండిరి. వారిచే రాజుల పేళ్లు వల్లెవేయించితిని గాని, మీ ముత్తాత యెవరని యొక్కనాఁడైన నడుగనైతిని. ఆ లోపము నాది.

పెద్దలారా! మీ యూరి కట్టను, చెఱువును, బాటను వేసినవారి పేళ్లు మీకుఁ దెలిసినన్ని నేఁడే మనుమలచే వ్రాయింపుఁడు. మన తరువాతఁ జెప్పువారుండరు.