ఒక్క మాట, మూడు దారులు

ఈ సభకు అధ్యక్షస్థానం నాకిచ్చారు. నా సమయమంతా ఒక్క మాటకే వినియోగిస్తాను. ఆ మాట ‘గిఫ్ట్’.

ఇంగ్లీషులో అది కానుక. జర్మన్‌లో విషం. స్వీడిష్, డేనిష్, నార్వేజియన్ భాషల్లో నామవాచకమైతే విషం, విశేషణమైతే ‘పెళ్ళయిన’ అని. ఇవి పోలిక కుదిరిన వేర్వేరు మాటలు కావు. అన్నిటికీ పుట్టిల్లు ‘ఇవ్వడం’ అనే అర్థమున్న ఒకే జర్మానిక్ మూలం.

పెళ్ళి సంగతి మనకు విడమరచి చెప్పనక్కరలేదు. ‘వాళ్ళింటికి పిల్లనిచ్చాం’ అనే జాతి మనది. పాత ఇంగ్లీషులో ఈ మాటకు అర్థం మన ఓలి లాంటిదే, వధువు కోసం చెల్లించే వెల. కానుక అన్న అర్థం ఆ భాషకు పాత నార్స్ నుంచి అందింది. జర్మన్‌లో కట్నాన్ని ‘మిట్‌గిఫ్ట్’ అంటారు. అమ్మాయితో పాటు ఇచ్చింది అని.

మరి విషం? గ్రీకు వైద్యులు రోగికిచ్చే మోతాదును ‘డోసిస్’ అన్నారు. ఇవ్వడం అనే దాని అర్థం. అది లాటిన్ వైద్యంలోకి వెళ్ళింది. జర్మన్లు దాన్ని తమ మాటలో చెప్పుకోబోతే చేతికందింది ‘గిఫ్ట్’. విషాన్ని పేరెత్తి పిలవడానికి జంకి, ‘ఇచ్చింది’ అని చాటుచేసి ఉంటారు. చాటు మాటే చివరికి అసలు పేరైంది. మన ఆసుపత్రుల్లో టీకా ‘డోసు’ ఆ గ్రీకు మాటే. సంస్కృత ‘దానం’ కూడా దాని దాయాదే. ఇంగ్లీషు ‘పాయిజన్’దీ ఇలాంటి కథే, దాని మూలమైన లాటిన్ మాటకు తాగేది అని మాత్రమే అర్థం.

1924లో ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ ఈ మాట మీదే ఒక చిన్న వ్యాసం రాశారు. కానుక పుచ్చుకున్నవాణ్ణి కట్టిపడేస్తుంది, అందులోనే ప్రమాదముంది అన్న దిశగా ఆయన ఆలోచన సాగింది. ఆ చూపు లోతైనది. అయినా విషం విషయంలో నా మొగ్గు వైద్యుడి వైపే.

ఎందుకంటే మనకు ‘మందు’ ఉంది. రోగికిచ్చేదీ, తుపాకిలో కూరేదీ, పైరు మీద చల్లేదీ, సీసాలో అమ్మేదీ మందే. ఊళ్ళో ‘ఫలానా రైతు మందు తాగాడు’ అని వినపడితే, ఏ మందని అడగకుండానే గుండె జారిపోతుంది. ఈ అర్థాల్లో ఏది ఎప్పుడు వచ్చి చేరింది? శాసనాల నుంచి వార్తాపత్రికల దాకా గాలించి, ఒక్కో అర్థానికి తొలి ప్రయోగం చూపించే నిఘంటువు మనకు కావాలి. గ్రిమ్ సోదరుల జర్మన్ నిఘంటువు తొలి సంపుటం 1854లో వస్తే, చివరిది 1961లో గాని పూర్తికాలేదు. మనకూ అంత కాలం పట్టవచ్చు. పట్టనివ్వండి. ‘మందు’తోనే మొదలుపెడదామని ఈ సభను వేడుకుంటున్నాను.

ఇక తొలి పత్రం చదవవలసినవారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.