కొండ మీది వంటింటికి పచ్చని కూర

(గురువుల, సంఘ పెద్దల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది సంవత్సరములో నెలకొక పర్యాయము వ్యాను నిండ కూరగాయలు ఏజెన్సీ గ్రామములకు పంపవలెనని కమిటీవారు తలపెట్టియున్నారు. శబరి ఒడ్డున పనిచేయుచున్న గురువులము గనుక దీనిని గూర్చి మమ్మును మాటలాడుమన్నారు. వ్యాను వద్దని చెప్పుటకు వచ్చినాము. అయితే కూర వద్దని కాదు. ఆ భేదమును మీరు ఓపికతో వినవలెనని కోరుచున్నాము.

కొండ గ్రామములో నేడు బియ్యమునకు మునుపటంత కరవు లేదు. 2013 నాటి ఆహార భద్రత చట్టము ప్రకారము మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డున్న కుటుంబమునకు 35 కిలోలు రావలెను. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ డిపోలు అడవి నడుమ కూడ ఉన్నవి. అక్కడ బియ్యము, పంచదార, సబ్బు దొరకును. వంకాయ దొరకదు. దొరకకపోవుటలో ఎవరి దోషమును లేదు. బియ్యము బస్తాలో ఆరు నెలలుండును, తోటకూర సాయంత్రమునకే వాడును. ఐగుప్తులో యోసేపు కొట్లు కట్టించి నిలువచేసినదియు ధాన్యమే గదా!

ఇటీవలి సంవత్సరములలో రేషను బియ్యములో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 విటమిను కలిపి ఇచ్చుచు వచ్చిరి. మంచి పనియే. కాని ఆ ఇనుము ఒంటికి పట్టుటకు తోడ్పడు సి విటమిను మాత్రము బియ్యములో లేదు, అది పచ్చని ఆకులోను, కాయలోను, పండులోను ఉన్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము పెద్దవారికి దినమునకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావలెను. అయిదుగురున్న ఇంటికి ఎంత కావలెనో మీరే లెక్క వేసికొనుడి. పట్టణములో మన ఇండ్లలోనే అంత కొనుట లేదు!

అరణ్యములో ఇశ్రాయేలీయులు దోసకాయలను, ఉల్లిని, వెల్లుల్లిని తలంచుకొని ఏడ్చిరని మనము ప్రసంగములలో వారిని మందలించుచుందుము. సణుగుడు తప్పే. అయినను దినదినము ఒకే పదార్థము తిన్న నోరు ఏమి కోరునో ఆ గ్రామములలో రెండు వారములు బసచేసిన వారికి తెలియును. మేము ఆ భాగము మీద ప్రసంగించునప్పుడు ఇప్పుడు కొంచెము మెల్లగా మాటలాడుచున్నాము.

కూర అక్కడికి ఏలాగు చేరుచున్నదో చెప్పెదము. వారమునకొక సంత. కోయ స్త్రీలు, కొండరెడ్డి స్త్రీలు తెల్లవారకముందే బయలుదేరి చింతపండు, చీపుళ్లు, అడ్డాకులు, కాలమునుబట్టి ఇప్పపువ్వు తలమీద పెట్టుకొని దిగివత్తురు. మైదానము వర్తకులు టమాటా, వంకాయ, బెండకాయ వ్యానులలో తెత్తురు. ప్రొద్దుననే ధర ఎక్కువ, ప్రొద్దుగూకు వేళకు ధర తగ్గును. అయితే కొండ ఎక్కవలసిన స్త్రీ సాయంత్రము వరకు ఆగలేదు గనుక ఎక్కువ ధరకే కొనవలసివచ్చును. ఏమి కొనును? దారిలో నలగనిది, వారము దినములు నిలుచునది: ఉల్లి, బంగాళాదుంప, ఎండుచేప. టమాటా కొన్నను రెండు మూడు దినములకే. తరువాత చింతపండు పులుసు, మిరపకాయ. అందువలన సంత మరునాడు ఆ యింటికి వెళ్లి కూర బాగుగానే ఉన్నదని రాసికొన్నవాడు మోసపోవును. సంతకు ముందు దినము వెళ్లవలెను.

వానాకాలములో ఆ సంతయు ఉండదు. సీలేరు శబరిలోను, శబరి కూనవరము వద్ద గోదావరిలోను కలియుచున్నవి. గోదావరి నిండినప్పుడు శబరి నీరు వెనుకకు తన్ని వాగులన్నిటిలోనికి ఎక్కును. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద 75.6 అడుగులు వచ్చినది. 2022 జులై 16న 71.3 అడుగులు వచ్చినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే అని జ్ఞాపకముంచుకొనుడి. అట్టి దినములలో సహాయమనగా బియ్యము, పప్పు, నూనె, ఉల్లి, బంగాళాదుంప. పడవలో కుళ్లనివి అవే గనుక అవే పంపుదురు. పాలిచ్చు తల్లి, చూలాలు కూడ ఆ దినములలో వాటితోనే గడుపవలసియున్నది.

ఇక వ్యాను సంగతి. నెలకొక వ్యాను వచ్చిన దినము పండుగయే, మిగిలిన ఇరువది తొమ్మిది దినములు వెనుకటివలెనే. అదియు రోడ్డున్న ఊరివరకే వచ్చును. నిజముగా కూర లేని ఊళ్లు వాగు అవతల ఉన్నవి. మరియొక సంగతి కూడ ఉన్నది, ఇది మాకు ముఖ్యమైనది. కొండ దిగువ ఊళ్లలో నాలుగు సెంట్ల పెరటిలో చిక్కుడు, ఆనప పెంచి సంతలో కుప్పలుగా పోసి అమ్ముకొను స్త్రీలు కొందరున్నారు. మన వ్యాను వారి ప్రక్కన ఆగి ఉచితముగా పంచినయెడల ఆ దినము వారి సరకు ఎవరు కొనును? మరుసటి ఏడు వారు విత్తనము వేయకుందురు. మనము ఇచ్చినది ఒక దినపు కూర, తీసివేసినది ఒక తోట.

కొందరు సహోదరులు చల్లని గది కట్టుదమన్నారు. ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థవారు కరెంటు లేని చల్లని తొట్టిని మునుపే కనిపెట్టియున్నారు. ఇటుకలతో రెండు వరుసల గోడ, నడుమ ఏడున్నర సెంటీమీటర్ల సందు, అందులో ఏటి ఇసుక, దానిని తడుపుచుండుట, అంతే. కుండలో నీరు చల్లబడినట్లే లోపల చల్లబడును. ఎండాకాలములో ఇది మిక్కిలి మేలు, సంతలో మిగిలిన సరకునకు నాలుగు దినములు ఆయుష్షు పెంచును. వానాకాలములో గాలియే తడిగా ఉండును గనుక దానివలన లాభము స్వల్పము. మన కష్టమంతయు వానాకాలములోనే గదా! సంత జరుగు ఊళ్లలో ఒకటి రెండు కట్టుడి, సంతోషమే. దానిని మందువలె చూడవద్దు.

మా మనవి పెరటిని గూర్చినది. కూర ప్రయాణముచేయుట కష్టము, విత్తనము ప్రయాణముచేయుట సులభము. అన్నిటికంటె మొదట మునగ. కొమ్మ నరికి పాతినను బ్రతుకును. ఆషాఢములో మునగాకు తినుట మన పెద్దల అలవాటు, గోదావరి పొంగునదియు ఆ దినములలోనే. నీరు నిలిచిన చోట అది కుళ్లిపోవును గనుక మిట్టమీద పాతవలెను. తరువాత గుమ్మడి, బూడిద గుమ్మడి. తొడిమతో కోసి అటక మీద పెట్టిన కాయ నెలల తరబడి చెడదు. గోంగూర, తోటకూర, పాదు చిక్కుడు దడిమీదనే ప్రాకించవచ్చును. గిన్నెలు కడిగిన నీరు చాలును.

దడి అనుమాట ఊరక అనలేదు. మేకలు! మన పథకములన్నిటిలో విత్తనముల ఖర్చు రాసికొందుముగాని దడి ఖర్చు ఎవరును రాయరు. ముళ్లకంప దడి లేని పెరడు మేకల పెరడే.

అడవి ఇచ్చునది కూడ తక్కువ కాదు. వెదురు కొమ్ములు, అడవి దుంపలు, తుమ్మికూర, వానలకు మొలచు ఎన్నో ఆకులు వారికి తెలియును, మనకు తెలియవు. మనము వెళ్లి కాబేజీని పొగడి ఆ ఆకులను పేదవారి తిండి అనిపించినచో పెద్ద కీడు చేసినవారమగుదుము. చింతచిగురు ఎండబెట్టుట వారికి తెలిసినదే. నీడలో ఎండబెట్టినచో ఆకులోని ఎ విటమిను ఎక్కువగా నిలుచునని మాత్రము మన నర్సులు చెప్పవలెను.

విత్తనములు ఎక్కడివి? బజారు పొట్లములలోని హైబ్రిడ్ విత్తనము మొదటి పంటకు బాగుండును, దాని గింజ తీసి మరల వేసినచో తల్లివలె కాయదు. నాటు విత్తనము కావలెను. అది మన సంఘములలోనే ఉన్నది. కోతపండుగనాడు గుడిలో పెట్టిన గుమ్మడికాయను పాటలో వందలు పెట్టి పాడుకొని, ఇంటికి తీసికొనిపోయి, గింజలు పెంటమీద పారవేయుదుము. అజర్యాగారి కాలము దోర్నకల్ స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యము దేవునికి తీసిపెట్టిరని మనము గొప్పగా చెప్పుకొందుము. ఈ యేడు ఆ పిడికిలిలో గింజలుండవలెనని స్త్రీల మైత్రివారిని అడుగుచున్నాము.

బూడిదలో కలిపి, గుడ్డ మూటలో కట్టి, కాయ పేరును, విత్తు నెలను పైన వ్రాసి పంపుడి. వ్యానుకు ఉంచిన పైకములో కొంత దడికి, కొంత దిగువ ఊరి స్త్రీల వద్ద సరియైన వెలకు కూర కొని వరద దినములలో తల్లులకు పడవమీద చేర్చుటకు ఇప్పించుడి. తొలకరికి ముందు, మే నెల ముగియకముందే మూటలు మాకు అందవలెను. వాగులు పొంగిన తరువాత మేమును అవతలకు పోలేము.