కొలువులు కుదుర్చు వ్యాపారము
(వార్షిక మహాసభయం దొసఁగిన యుపన్యాసము)



దిల్‌సుఖ్‌నగరమున శిక్షణాలయముల యొద్దను, వసతిగృహముల యొద్దను గుంపులుగాఁ గనఁబడు మన యువకులను మీ రెఱుఁగుదురు. వారికిఁ గొలువులు కుదుర్చు వ్యాపారమును గూర్చి రెండు మాటలు మనవి చేసెదను.

ఇది మనకుఁ గ్రొత్తది కాదు. పూర్వము కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి మేస్త్రీలు మన కూలీలను రంగూనునకుఁ గొనిపోయెడివారు. ఓడఛార్జీయు బయానాయు మేస్త్రీయే యిచ్చును. ఆ యప్పు కూలి డబ్బులలోఁ దీఱవలెను. తీఱుటయే కష్టము.

ఇఁక హాలండుదేశపు రాండ్‌స్టాడ్ సంస్థ సంగతి వినుఁడు. 1960 లో ఫ్రిట్స్ గోల్డ్‌ష్మెడింగ్ అను విద్యార్థి యొక స్నేహితునితోఁ గలసి దానిని స్థాపించెను. తొలి యుద్యోగిని తన సైకిలు వెనుకఁ గూర్చుండఁబెట్టుకొని పనిచోటునకుఁ జేర్చెనని చెప్పుదురు! 2008 లో వెడియార్ సంస్థను గలుపుకొనఁగా, దానితోపాటు చెన్నపట్టణపు మాఫోయ్ కూడ దాని చేతికి వచ్చెను. నేఁ డట్టి సంస్థలలో నది ప్రపంచాగ్రగణ్యములలో నొకటి. ఈ వ్యాపారమునకుఁ గీలక మొక్కటే: రుసుము నిచ్చువాఁడు మనిషిని పెట్టుకొన్న యజమాని. ఉద్యోగార్థియొద్ద సామాన్యముగా రుసుము గొనరాదని 1997 నాటి యంతర్జాతీయ కార్మిక సంస్థ 181వ యొడంబడికయు విధించినది.

మనవైపునఁ దలక్రిందులు. మా బంధువుల కుఱ్ఱవాఁ డొకఁడు, తండ్రి పొలము కుదువపెట్టి తెచ్చిన రొక్కమును ఒక దళారి చేతఁ బోసి, దొంగ యనుభవపత్రములతోఁ గొలువుఁ జేరి, మూఁడు నెలలకే వీథిఁ బడెను. ఆ మేస్త్రీయే నయము. వాఁడు ముందుగా డబ్బిచ్చెడివాఁడు!

మన పోషకులలోఁ గార్యాలయములు, కర్మాగారములు గలవారు పెక్కం డ్రున్నారు. తమకుఁ గావలసిన పనివారినిగూర్చి సంఘమునకు జాబు వ్రాయవలెనని వేఁడుచున్నాను. పేర్ల పుస్తకము నేఁడే తెఱచితిమి, రుసుము లేదు.