వీసము వీసముగా ఆరోగ్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)

  

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పండితుడను గాను. వైద్యుడను అంతకంటె గాను. గ్రామపు లెక్కలు వ్రాసుకొని బ్రదుకువాడను. పగలంతయు అంకెలతోడను, సాయంకాలము ఈ గ్రంథాలయపు బల్లయొద్ద ప్రాచీన గ్రంథములతోడను కాలము గడపుచు వచ్చితిని. గురుముఖమున నేర్చినది లేదు. నాకబ్బిన నాలుగు ముక్కలును ఈ బీరువాల ప్రసాదమే. ఇచటి పుస్తకమొకటి నన్ను కాపాడిన విధమును మీకు మనవి చేసి, ఆ ఋణమును కొంతయైన తీర్చుకొందును.

మా అన్నగారు యాబదిరెండవ యేట పక్షవాతముచే కాలధర్మము నొందిరి. ఆయనకు రక్తపుపోటు కలదని అంతకు మూడేండ్ల ముందే తెలిసినది. మందు వేసికొనుమని నేను ప్రాధేయపడినపుడెల్ల, “ఒంట్లో ఏ బాధా లేదు కదరా, మందెందుకు?” అనెడివారు. ఆ మాట నిజమే. బాధ తెలియకుండ లోలోపల పెరుగుటయే ఆ వ్యాధి స్వభావము. పద్దు వ్రాయనంత మాత్రమున బాకీ లేకపోదు. ఈ సంగతి మా అన్నగారికి నచ్చజెప్పలేకపోతినను చింత నాకు నేటికిని తీరలేదు.

నాకును యాబదిరెండవ యేడు వచ్చినది. వైద్యుడు చేతికి పట్టీ చుట్టి చూచి, పై సంఖ్య 170 దాటినదని చెప్పి మాత్రలు వ్రాసి యిచ్చెను. భయపడినవాడు మితమెరుగడు. ప్రకృతి జీవనమును గూర్చి దొరికిన పుస్తకములన్నియు వారము దినములలో చదివి, ఒక సోమవారమున ఉప్పు మానితిని, అన్నము మానితిని, పొయ్యిమీద వండిన దేదియు ముట్టనంటిని. అన్నిటికంటె పెద్ద తప్పు, మాత్రలను గూడ ఎవరి నడుగకయే మానితిని. పండ్రెండవ దినమున బకింగుహాము కాలువ గట్టుమీద నడచుచు కన్నులు తిరిగి పడిపోతిని. వేటనుండి వచ్చుచున్న పట్టపు సోదరులు నన్ను మోసికొని వచ్చి ఇల్లు చేర్చిరి. వైద్యుడు పరీక్షించి, “అయ్యా! ముప్పదియేండ్ల బాకీ ఒక్కనాట తీర్చవలెనని ఇల్లు వాకిలి అమ్ముకొన్నట్లున్నది మీ పని” అనెను. లెక్కలవానికి అంతకంటె తగిన మాట వేరొకటి లేదు.

మంచముపైనుండి లేచిన పిదప ఇచటనే గాంధీమహాత్ముని రచనలు తిరుగవేసితిని. మన పెన్నానది యొడ్డున పల్లిపాడులో దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల కృష్ణయ్యగారు స్థాపించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమమును 1921 ఏప్రిలు 7వ తేదీన ప్రారంభించిన వారు ఆ మహాత్ముడే గదా! ఆయన 1929లో ఆంధ్రదేశమున పర్యటించినపుడు, రాజమహేంద్రవరమున ప్రకృతి చికిత్స సాగించుచుండిన సుందరం గోపాలరావుగారి మాటలచే ఉత్సాహము పొంది, వండని ఆహారమే తినుటకు పూనుకొనిరి. కొన్ని నెలలకే విరేచనముల వ్యాధి కలిగి, బలము తగ్గి, ఆ ప్రయోగమును విరమింపవలసి వచ్చెను. ఆరంభమును ఎట్లు ప్రకటించిరో వైఫల్యమును గూడ అట్లే తమ పత్రికలో దాచక ప్రకటించిరి. జమ యెంత స్పష్టముగా వ్రాసిరో ఖర్చు నంత స్పష్టముగా వ్రాసిన ఆ లెక్కను చూచి, నా తొందరపాటును మీయెదుట చెప్పుకొనుటకు నాకు ధైర్యము కలిగినది.

తరువాత వాగ్భటుని అష్టాంగహృదయమును మరల విప్పితిని. అంతకుముందు అనేక పర్యాయములు చదివిన గ్రంథమే. కాని అవసరము లేనివాని కన్నులకు అక్షరములే కనబడును, అర్థము కనబడదు. అలవాటుపడిన అపథ్యమును నాలుగవ పాలుగా గాని, ఆ నాలుగవ పాలులో నాలుగవ పాలుగా గాని విడువవలెననియు, నడుమ ఒకటి, రెండు, మూడు అను క్రమమున ఎడమిచ్చుచు హితమైన దానిని అదే పాళ్లలో చేర్చుకొనవలెననియు ఆయన విధించెను. అట్లు క్రమముగా తొలగిన దోషము తిరిగి రాదట. క్రమముగా వచ్చిన గుణము కదలదట. చరకాచార్యులును నాలుగవ పాలు చొప్పున విడుచు ఈ క్రమమునే బోధించిరి.

సభాసదులారా! కాలులో కాలు ఎంత? వీసము. మా తాతల నాటి లెక్కలలో పదునారవ పాలునకు పేరు వీసమే. నేను చిన్ననాట వల్లించిన ఎక్కమే వైద్యమై నాయెదుట నిలిచినది. మొదట వైద్యుడు చెప్పిన మాత్రలను తిరిగి ఆరంభించి, పిమ్మట ఇంటిలో నాలుగు పద్దులు తెరచితిని.

మొదటి పద్దు ఉప్పు. ఉప్పుకొరకు 1930లో చట్టమును ధిక్కరించిన తీరము మనది. ఉప్పును నిందించుట నా యభిప్రాయము గాదు. పెద్దవాని కొకనికి దినమునకు 5 గ్రాములకు లోపుగా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మా యింట అయిదుగురము. నెలకు 750 గ్రాములు మించరాదు. ఏడాది ఊరగాయలకు, ఊరమిరపకాయలకు, అప్పడములకు పట్టిన ఉప్పును గూడ పండ్రెండు నెలలకు పంచి లెక్క గట్టగా, నెలకు 1,600 గ్రాములు తేలినది! ఇందు వీసము 100 గ్రాములు. నెలకొక వీసము చొప్పున తగ్గించితిమి. “ఏమండీ, ఉప్పుకు కూడా లెక్కేమిటండీ? నవ్విపోతారు” అని నా ఇల్లాలు మొదట నవ్వినది. నాలుగవ నెలలో ఒక పెండ్లికి పోయి వచ్చి, “ఆ పప్పు నోట పెట్టలేకపోయానండీ, ఒట్టి ఉప్పు” అని ఆమెయే చెప్పినది. నాలుక గూడ నెమ్మదిగా నేర్చుకొనును. తొమ్మిదవ నెలకు హద్దులోనికి వచ్చితిమి. ఎండుచేపలు తినువారు వానిని నీటిలో నానబెట్టి, ఆ నీరు పారబోసి వండుకొన్నచో ఉప్పు కొంత తగ్గును. వాడు కొలది ఉప్పును అయొడిను కలిసినదిగా చూచుకొనవలెను. ఇక ఉప్పుమడులలో ఎండకు చెమటలోడ్చి పనిచేయు సోదరులకు నా లెక్క యథాతథముగా వర్తింపదు. వారు నీరు, నీడ ముందు చూచుకొని, ఉప్పు కొలతను వైద్యుని యడిగి నిర్ణయించుకొనవలెను.

రెండవ పద్దు అన్నము. జావాద్వీపమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, మెరుగుబట్టిన తెల్లబియ్యము తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, పై పొరతోడి బియ్యము పెట్టినపుడు అవి కోలుకొనుటయు 1890 ప్రాంతమున గమనించెను. ఆ త్రోవన పోయినవారే తవుడులోని జీవసత్త్వమును కనుగొనిరి. 1929లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. ధాన్యము పండించి, తవుడు పశువులకు పెట్టి, మల్లెపూవువంటి అన్నము మనము తినుచున్నాము. వారమునకు పదునాలుగు పూటల భోజనములో ఒక పూట రాగిసంకటి చేర్చితిమి, ఇంచుమించు వీసమే. నేడు నాలుగు పూటలు రాగియో, జొన్నయో, దంపుడు బియ్యమో తినుచున్నాము. ఉదరమున రెండు పాళ్లు అన్నమునకు, ఒక పాలు ద్రవమునకు, ఒక పాలు గాలికి విడువవలెనని వాగ్భటుడు చెప్పిన పంపకము మఠములవారికే గాదు, మనకును వర్తించును.

మూడవ పద్దు నడక. బలములో సగము మేరకే వ్యాయామము చేయవలెనని శాస్త్రము. మొదటి వారము సరుగుడుతోట మొదటివరకు మాత్రమే పోయి వచ్చితిని. నేడు సూర్యోదయమునకు సముద్రపు టొడ్డు చేరుదును. రోహిణికార్తె యెండలలో దూరము తగ్గించుకొందును.

నాలుగవ పద్దు నిద్ర. ఆహారమువలె నిద్రయు దేహమును నిలుపు స్తంభమని పెద్దలనిరి. అర్ధరాత్రివరకు దీపము క్రింద లెక్కలు వ్రాయు అలవాటును పావుగంట చొప్పున వెనుకకు జరిపితిని. ఇందులకే ఎక్కువ కాలము పట్టినది; ఇప్పటికిని ఆ పద్దున నిలువ బాకీ కలదు.

రెండేండ్లకు నా పై సంఖ్య 140కి లోపునకు వచ్చినది. వైద్యుడు తానుగా రెండు మాత్రలలో ఒకటి తగ్గించెను. రెండవది నేటికిని వేసికొనుచున్నాను. ప్రకృతి జీవనమునకును మందునకును వైరము లేదు. నా పని అలవాటు మార్చుకొనుట. మాత్ర మార్చుట వైద్యుని పని. ఈ హద్దు దాటినందులకే నేను కాలువ గట్టుమీద పడితిని.

గ్రంథాలయమును గూడ ఒక్కనాట ఎవరును కట్టలేదు. పిడికెడు బియ్యమిచ్చినవారు, పాత పుస్తకమిచ్చినవారు, సాయంకాలము దీపము పెట్టినవారు కలిసి ఇరువదియైదేండ్లకు దీనినింత చేసిరి. దేహమును అట్లే కట్టుకొనవలెను.

చివరగా ఒక్క విన్నపము. మా అన్నగారి జ్ఞాపకార్థము రక్తపుపోటు చూచు యంత్రమును, ఒక ఖాతా పుస్తకమును ఈ గ్రంథాలయమునకు నేడు సమర్పించుచున్నాను. ప్రతి ఆదివారము ఉదయము వచ్చిన వారి సంఖ్యను చూచి వ్రాయు పని నాది. హెచ్చుగా కనబడినవారు వైద్యునియొద్దకు పోవలెను. “నాకే బాధా లేదు” అనువారు తప్పక ముందుగా రావలెనని చేతులు జోడించి వేడుచున్నాను. మొదటి పుట మొదటి పంక్తిలో నా సంఖ్య వ్రాసియుంచితిని. రెండవ పంక్తి ఖాళీగా నున్నది.

సెలవు.