ఇంటి జాగ తేలకుండా ఇల్లు లేవదు
(మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. రైతు సంఘానికి ఇళ్లతో ఏం పని అని కొందరు అడుగుతున్నారు. మన సభ్యుల్లో ఎకరం, రెండెకరాల వాళ్లున్నారు, కౌలుకు చేసేవాళ్లున్నారు, కూలికి పోయేవాళ్లున్నారు. ఇంటి కోసం చేసిన అప్పు చివరికి చేను మీదే పడుతుంది. అందుకే ఇది మన సమస్య.

ఇందిరమ్మ ఇల్లు కింద సొంత జాగ ఉన్నవాళ్లకు 5 లక్షలు ఇస్తున్నారు. కేంద్రం గ్రామీణ ఆవాస్ పథకం కింద మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు ఇస్తుంది. 2016లో ఆ పథకం మొదలైనప్పుడు అంతే, 2024లో మరో 2 కోట్ల ఇళ్లకు ఒప్పుకున్నప్పుడూ అంతే. ఈ మధ్యలో సిమెంటు, సలాక, మేస్త్రీ కూలి ఎంత పెరిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు. సొమ్ము పెంచాలని అడగాల్సిందే. కానీ సొమ్ము ఒక్కటే పెంచితే అందరికీ ఇల్లు రాదు. మూడు అడ్డంకులు ఉన్నాయి.

మొదటిది జాగ. "సొంత జాగ ఉన్నవాళ్లకు" అన్న మాటలోనే బీదవాడు ఆగిపోతాడు. కొందరికి జాగే లేదు. కొందరికి జాగ ఉంది, కాగితం లేదు. గ్రామకంఠంలో తాతల నాటి నుంచి ఉంటున్నా చేతిలో ఇంటి పన్ను రశీదు తప్ప ఏమీ ఉండదు. ఆ రశీదు చూసి బ్యాంకు అప్పు ఇవ్వదు. ఇంకొందరి జాగ చనిపోయిన తాత పేరు మీదే ఉంది, నలుగురు అన్నదమ్ముల మధ్య పంపకం కాలేదు. మగడు పోయిన ఆడబిడ్డకు ఈ తగాదాలో వాటా తేలేది ఎప్పుడు? 2018లో రైతుబంధు వచ్చినప్పుడు కాగితం లేదనే కౌలు రైతుకు పైసా రాలేదు. ఇంటి దగ్గరా అదే కథ.

రెండోది మొదటి పెట్టుబడి. బిల్లు పని అయ్యాకే వస్తుంది. బేస్‌మెంట్ లేపి ఫోటో తీయించుకుంటే తప్ప మొదటి లక్ష రాదు. ఆ బేస్‌మెంటుకు డబ్బు ఎక్కడిది? మా ఊళ్లో ఒక కౌలు రైతు లక్షన్నర అప్పు తెచ్చాడు, నూటికి నెలకు 3 రూపాయల మిత్తి. నెలకు 4,500. బిల్లు ఆరు నెలలకు వచ్చింది. అప్పటికి మిత్తే 27,000 అయింది. పాత గుడిసె పీకేశాడు కాబట్టి ఆ ఆరు నెలలూ పిల్లలతో కవర్ల కింద ఉన్నాడు. ఇసుక ఉచితమన్నా ట్రాక్టర్ కిరాయి మనమే పెట్టుకోవాలి.

మూడోది కాలం. మన చేతికి డబ్బు వచ్చేది పత్తి అమ్మినప్పుడు, వడ్లు కాంటా అయినప్పుడు. మంజూరు కాగితం మృగశిరలో వస్తే ఉన్న డబ్బు విత్తనాలకు పెట్టాలా, పునాదికి పెట్టాలా? నెల జీతం ఉన్నవాడికి ఈ ఇబ్బంది లేదు. మనం ఆగితే మంజూరు పోతుందని భయం, ఆగకపోతే అప్పు.

అందుకే మూడు డిమాండ్లు పెడుతున్నాం. జాగ లేనివాళ్లకు ముందు జాగ ఇవ్వాలి, గ్రామకంఠంలో ఉన్నవాళ్లకు హక్కు పత్రం ఇవ్వాలి. చేతిలో డబ్బు లేనివాళ్లకు బేస్‌మెంట్ సొమ్ములో కొంత ముందే ఇవ్వాలి. పని మొదలు పెట్టే గడువు పంట కాలాన్ని చూసి పెట్టాలి.

అడగడం ఒక్కటే సరిపోదు. ప్రతి ఊరి శాఖ ఈ నెలలో ఒక నోటుబుక్కు తీసి మూడు జాబితాలు రాయండి. జాగా, కాగితం రెండూ ఉన్నవాళ్లు ఒకటి. జాగ ఉండి కాగితం లేనివాళ్లు రెండు. జాగే లేనివాళ్లు మూడు. మన సభ్యులవే కాదు, ఊళ్లో అందరి పేర్లూ రాయండి. గ్రామసభలో ఆ జాబితా చదివి తీర్మానం చేయించండి, నకలు తీసుకోండి. ముందుగా మూడో జాబితా చదవండి. ఎందుకంటే వాళ్లు గ్రామసభకు వచ్చినా వెనక నిలబడతారు, నోరు తెరవరు. వాళ్ల తరఫున మాట్లాడటానికే సంఘం ఉన్నది.